ఒక గౌను, ముగ్గురు పిల్లలు, మూడేళ్ళు

మా పెద్దమ్మాయికి మూడో ఏడు నడుస్తున్నప్పుడు కొన్న గౌను ఇది. చేనేత కాటన్, చెట్ల రంగులు, పర్యావరణానికి హాని లేదు అని చెప్పుకునే ఒక చిన్న బ్రాండు. ధర 850 రూపాయలు. ఆ డబ్బుకి తిరుపతి గాంధీ రోడ్డులో మూడు గౌన్లు వస్తాయి కదమ్మా అని మా అత్తమ్మ అన్నారు. నిజమే, అయినా కొన్నాను. నేను పుట్టి పెరిగింది నగరి అనే ఊళ్ళో. అక్కడి బట్టల అద్దకం యూనిట్లలో ఆ రోజు ఏ రంగు వేస్తే మా వీధి కాలవలో ఆ రంగు నీళ్ళే పారేవి. నా బిడ్డ ఎర్ర గౌను వేసుకోవాలంటే ఇంకెవరి ఇంటి ముందో కాలవ ఎర్రగా పారాలా అన్న బాధ నాకు అప్పటి నుంచీ ఉంది.

ఈ మూడేళ్ళలో వాళ్ళ దగ్గర తొమ్మిది జతలు కొన్నాను. పేరు రాయడం లేదు. ఇలాంటి చిన్న బ్రాండ్లు చాలా ఉన్నాయి, ఏది కొన్నా చూసుకోవాల్సినవి ఇవే.

మొదటి నెలలోనే టెన్షన్ పెట్టింది. పసుపుపచ్చ గౌను ఉతికి మిద్దె మీద ఇనుప తీగకు ఆరేశాను. సాయంత్రం తీసి చూస్తే నడుము దగ్గర అడ్డంగా సన్నటి నల్ల గీత. ఎంత రుద్దినా పోలేదు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఒక పెద్దావిడ మా అమ్మకు తెలుసు. ఫొటో చూడగానే "తీగ తుప్పు పట్టిందా పాపా?" అని అడిగారు. కలంకారీకి ముందు బట్టను కరక్కాయ కలిపిన గేదె పాలలో నానబెడతారు. ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో ఊరబెట్టి, ఆ నీళ్ళతో బట్ట మీద గీస్తారు. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి నలుపు తేలుతుంది. మా మిద్దె మీద జరిగిందీ అదే. మామూలు బట్టకైతే ఎర్రటి తుప్పు మరక పడేది, ఇంత నలుపు వచ్చిందంటే కరక్కాయలాంటి వగరు పట్టించిన బట్టేనని ఆమె తేల్చి చెప్పారు. రంగు విషయంలో వాళ్ళు అబద్ధం ఆడలేదని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది. ఇనుము తగలనివ్వకండి అని ఒక్క ముక్క చీటీ మీద రాసి పంపాల్సింది. ఇప్పుడు తాడు మీద, నీడలో ఆరేస్తున్నాను.

అన్నిటికంటే నాకు నచ్చింది కుట్టు. చిన్నపిల్లల బట్ట చిరగకముందే పొట్టి అయిపోతుంది. దీనికి అంచులో బట్టను లోపలికి మూడు మడతలు పెట్టి, విప్పడానికి వీలుగా కుట్టారు. పెద్దది ఏడాదిన్నర వేసుకుంది. మళ్ళీ మడతలు పెట్టి కుట్టి చిన్నదానికి ఏడాది వేశాను. ఇప్పుడు పుత్తూరులో మా అన్న కూతురు వేసుకుంటోంది. రంగు కాస్త వెలిసింది, కుట్టు మాత్రం ఎక్కడా వదల్లేదు.

మనసు నొచ్చింది 'ఆర్గానిక్' ముద్ర దగ్గర. ఆర్గానిక్ బట్టలకు ఇచ్చే గాట్స్ (GOTS) అనే అంతర్జాతీయ గుర్తు ఒకటుంది. కనీసం 95 శాతం ఆర్గానిక్ నూలు ఉంటేనే ఆర్గానిక్ అని, 70 శాతం ఉంటే ఆర్గానిక్ నూలు వాడి చేసింది అని రాసుకోవచ్చు. గుర్తు పక్కన తనిఖీ చేసిన సంస్థ పేరు, లైసెన్సు నంబరు కూడా ఉండాలి. మా గౌను చీటీ మీద గుర్తు ఉంది, నంబరు లేదు. అడిగితే "బట్ట ఇచ్చేవాళ్ళకు సర్టిఫికెట్ ఉంది, మేం ఆ ఖర్చు పెట్టుకోలేం" అన్నారు. చిన్నవాళ్ళు, ఖర్చు సంగతి నాకు అర్థమైంది. కానీ తమకు లేని ముద్ర వేసుకోకూడదు. అదే మాట చెప్పాను. తర్వాతి ఏడాది వచ్చిన బట్టల మీద ఆ గుర్తు లేదు.

వాళ్ళ వెదురు లెగ్గింగులు మాత్రం కొనకండి. వెదురు గుజ్జును కాస్టిక్ సోడా, కార్బన్ డైసల్ఫైడ్‌తో కరిగించి తీసే దారం అది. అంటే విస్కోస్ అని పిలిచే రేయాన్ రకమే. ఆ రెండో రసాయనం అక్కడ పనిచేసేవాళ్ళ నరాలను దెబ్బతీస్తుంది. చెట్టు పేరు చెప్పి దాన్ని అమ్మడం నాకు నచ్చలేదు. పైగా నాలుగు నెలలకే ఉండలు కట్టింది.

గౌన్లు, చొక్కాలు మళ్ళీ కొంటాను. నిన్న మా వదిన ఫోన్ చేసి, పాపకు గౌను పొట్టి అయింది, తీసేయమంటావా అని అడిగింది. లోపల ఇంకో మడత ఉంది, విప్పు వదినా అన్నాను.