టెక్సాస్ అని కుట్టనన్నాడు

షాపు పేరు రాయడం లేదు. "రాసుకో, కానీ పేరు పెట్టకు, ఉన్న పనే తెమలడం లేదు" అని షాపు నడిపే పెద్దాయనే అన్నాడు. ఫోర్ట్ వర్త్‌లో, స్టాక్‌యార్డ్స్ నుంచి బండి మీద పది నిమిషాలు. ఒకటే గది, రెండు కుట్టు మిషన్లు, ఒక ఎంబ్రాయిడరీ మిషన్, గోడ నిండా ప్యాచ్‌లు. లెదర్ బట్టల మీద ప్యాచ్‌లు కుట్టడం, చిరిగినవి బాగుచేయడం ఆయన పని. డాలస్ చుట్టుపక్కల బళ్ళు నడిపే మనవాళ్ళెవరైనా అడిగితే దారి చెప్తాను.

మేము తొమ్మిది మందిమి. అందరివీ ఐటీ ఉద్యోగాలే, అందరికీ నలభై దాటాయి. హైదరాబాద్‌లో ఉన్న రోజుల్లో బుల్లెట్ కొనాలని ఉండి కొనలేకపోయిన బ్యాచ్. ఇప్పుడు నలుగురికి హార్లేలు, ఇద్దరికి రాయల్ ఎన్‌ఫీల్డ్‌లు, మిగిలినవి జపాన్ బళ్ళు. ఆదివారం తెల్లవారకముందే బయల్దేరి, ఐ-35 మీద వెస్ట్ అనే ఊరిదాకా పోయి, అక్కడ కొలాచీలు (చెక్ వాళ్ళ తీపి బన్నులు) తిని, పిల్లల టెన్నిస్ క్లాసు టైముకి ఇంటికొచ్చేస్తాం. మా సాహసం అంతవరకే.

పోయినేడు మాకు చేతుల్లేని లెదర్ కోట్ల పిచ్చి పట్టింది. వీపు మీద ఏం ఉండాలనే దాని మీద వాట్సాప్‌లో నెల రోజులు కొట్టుకున్నాం. చివరికి తేలింది ఇదీ: పైన విల్లులా వంగిన ప్యాచ్ మీద తెలుగులో "దోస్తులు", మధ్యలో లేపాక్షి నంది, కింద ఇంకో వంపులో ఇంగ్లీషు అక్షరాల్లో "టెక్సాస్". జనగామలో ఉన్న మా అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే, "దేవుని బొమ్మ వీపుకు కుట్టించుకుంటవారా, కుర్చీకి ఆనదా?" అంది. ఆ పాయింట్ మాకెవరికీ తట్టలేదు.

మొదట ఆన్‌లైన్‌లో ఒకచోట ప్యాచ్‌లు ఆర్డర్ చేశాం. స కింద త వత్తు ఊడిపోయి "దోస్ తులు" అని వచ్చింది. వాళ్ళ కంప్యూటర్‌కి మన వత్తులు తెలియవు. వాటినే తీసుకుపోయి మావాడొకడు ఇంటి దగ్గర ఆల్టరేషన్ షాపులో కుట్టించాడు. వాళ్ళు లోపలి జేబుతో సహా కలిపి కుట్టేశారు. జేబులో బండి ఇన్సూరెన్స్ కార్డు ఉండిపోయింది. విప్పితే కార్డు వచ్చింది గానీ, లెదర్‌కి పడ్డ సూది రంధ్రాలు మాత్రం పోలేదు. బట్టకైతే ఉతుకుల్లో సర్దుకుంటుంది, తోలుకి పడ్డ రంధ్రం పడ్డట్టే.

ఆ దెబ్బతో వెతుక్కుంటూ ఈయన దగ్గరికి వెళ్ళాను. డెబ్బై దాటి ఉంటాయి. కళ్ళజోడు పైకెత్తి మా డిజైన్ కాగితం చూశాడు. "ఇదేం భాష?" అన్నాడు. చెప్పాను. "అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, దారం బాగా పడుతుంది" అన్నాడు. నంది దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత కింది వంపు మీద వేలు పెట్టి, "ఇది మాత్రం కుట్టను" అన్నాడు.

అబద్ధమెందుకు, నా రంగు చూసి అంటున్నాడేమో అనిపించింది. డబ్బు ఎక్కువైనా ఇస్తానన్నాను. ఆయన మిషన్ ఆపేసి, స్టూలు జరిపి కూర్చోమన్నాడు. "వేకో సంగతి తెలుసా నీకు?"

నాకు తెలిసిన వేకో ఊరంటే మా ఆవిడ ఏడాదికోసారి తీసుకుపోయే సైలోస్ దగ్గర షాపింగ్. ఆయన చెప్పింది అది కాదు.

బైకర్ల లెక్కలో వీపు మీద మూడు ముక్కలుంటే దానికో అర్థం ఉందట. పై వంపులో క్లబ్ పేరు, మధ్యలో గుర్తు, కింది వంపులో ఇలాకా. ఆ వంపు ముక్కల్ని రాకర్ అంటారు. కింద రాష్ట్రం పేరు పెట్టుకోవడం అంటే నేను ఫలానా చోట ఉంటానని చెప్పడం కాదు, ఈ నేల మాది అనడం. టెక్సాస్‌లో ఆ మాట అనే హక్కు తమదేనని బండిడోస్ అనుకుంటారు. 1966లో ఇక్కడే, శాన్ లియోన్‌లో పుట్టిన క్లబ్ అది. ఇంకెవరైనా ఆ రాకర్ వేసుకోవాలంటే వాళ్ళు ఊ అనాలి. 1969లో టైలర్‌లో మొదలైన కొసాక్స్ అనే క్లబ్ వాళ్ళు అడగకుండానే పెట్టుకున్నారు.

గెట్టు పంచాయితీలు చూస్తూ పెరిగినవాణ్ణి, నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. మా ఊళ్ళో ఒక జానెడు గెట్టు జరిపినందుకు అన్నదమ్ముల పిల్లలు గొడ్డళ్ళు పట్టుకోవడం చూశాను. అక్కడ కనీసం జానెడు భూమైనా ఉంది. ఇక్కడ ఉన్నది పన్నెండు అంగుళాల గుడ్డ.

2015 మే 17, ఆదివారం మధ్యాహ్నం. వేకోలో ట్విన్ పీక్స్ అనే రెస్టారెంట్. జరగాల్సింది బైకర్ల హక్కుల మీద క్లబ్బుల మీటింగ్. గొడవ అవుతుందని తెలిసి పోలీసులు ముందే బయట కాపు కాశారు. అయినా పార్కింగ్‌లో ఈ రెండు క్లబ్బుల వాళ్ళ మధ్య మాటా మాటా పెరిగి, చేతులు కలిసి, తుపాకులు పేలాయి. తొమ్మిది మంది చచ్చిపోయారు. అందులో నలుగురికి తగిలినవి పోలీసులు వాడే రకం రైఫిల్ తూటాలని తర్వాత పరీక్షల్లో బయటపడింది. 177 మందిని పట్టుకుపోయి, మనిషికి పది లక్షల డాలర్ల చొప్పున ఒకటే బెయిల్ బాండ్ పెట్టారు. ఇంత చేసి, కోర్టులో విచారణ దాకా వచ్చింది ఒక్కడి కేసు. 2017లో జ్యూరీ ఎటూ తేల్చలేదు. 2019 ఏప్రిల్‌లో మిగిలిన కేసులన్నీ ఎత్తేశారు. తొమ్మిది శవాలకి ఒక్కడికీ శిక్ష పడలేదు. బండిడోస్ జాతీయ అధ్యక్షుడికి 2018లో యావజ్జీవం పడింది గానీ, అది శాన్ ఆంటోనియోలో నడిచిన వేరే కేసు.

ఆయన ఇవన్నీ నాకు కథలా చెప్పలేదు. "ఆ రోజు నేను మూడు లెదర్ కోట్లు డెలివరీ ఇవ్వాల్సి ఉంది, రెండే తీసుకుపోయారు" అన్నాడు. మూడోది ఎవరిదని నేను అడగలేదు.

కాలిఫోర్నియాలో అయితే ఇది ఇంకా పాత గొడవ. మంగోల్స్ క్లబ్ వాళ్ళు కింద "కాలిఫోర్నియా" అని పెట్టుకున్నారని హెల్స్ ఏంజెల్స్‌తో 1977 నుంచి చంపుకోవడమే. 2002లో పక్కనున్న నెవాడా రాష్ట్రంలో, లాఫ్లిన్ ఊరి కాసినోలో ఈ రెండు క్లబ్బులు కలబడితే ముగ్గురు పోయారు. నాకు నవ్వొచ్చిన సంగతి ఇంకోటుంది. మంగోల్స్ బొమ్మ మీద ట్రేడ్‌మార్కే జప్తు చేసుకుందాం, అప్పుడు రోడ్డు మీద ఆపి కోటు ఊడదీయొచ్చు అని అమెరికా ప్రభుత్వం ఏళ్ళ తరబడి కోర్టులో పోరాడింది. 2019లో జడ్జి కుదరదు పొమ్మన్నాడు. ప్యాచ్ విలువ క్లబ్బులకే కాదు, సర్కారుకీ తెలుసన్నమాట.

ఇంటికొచ్చి గ్రూప్‌లో చెప్తే ఇద్దరు ఎగిరారు. "మనల్ని ఎవడు పట్టించుకుంటాడు అన్నా, మనం పప్పు బ్యాచ్" అని ఒకడు. నిజమే కావచ్చు. కానీ గ్యాస్ బంకు దగ్గర ఆపి "ఈ రాకర్ నీకెవరిచ్చారు?" అని అడిగితే, వీసా స్టాంపింగ్‌కి తప్ప దేనికీ కాగితాలు సర్దుకోవడం రాని మనం ఏం చెప్తాం? ఈ క్లబ్బుల వాళ్ళ గెటప్ చూసి నేనూ మురిసినవాణ్ణే, అందుకే కోటు కొన్నది. ఆ గెటప్ వెనక ఏళ్ళ తరబడి వెట్టిచాకిరీ ఉందని పెద్దాయన చెప్పాకే తెలిసింది. కొత్తవాడు ప్రాస్పెక్ట్‌గా బళ్ళు కడగాలి, కాపలా కాయాలి, అర్ధరాత్రి పిలిచినా పోవాలి. ఇంతా చేశాక ఇచ్చే ప్యాచ్ కూడా వాడిది కాదు, క్లబ్ ఆస్తి. మానేస్తే ఊడదీసి ఇచ్చేయాలి.

ఇక పని విషయం. మూడు ముక్కలూ తీసేసి, అన్నీ కలిపి ఒకే గుండ్రటి ప్యాచ్ చేద్దామన్నాడు. ఒకే ముక్కయితే తిరిగే సరదా గ్రూపు అని అందరికీ తెలుస్తుందట. తెలుగుని ఫాంట్‌గా పంపొద్దు, గీతలుగా మార్చి పంపమన్నాడు. ఆ ఒక్క మాటతో మా వత్తు దక్కింది. కోటు లోపలి లైనింగ్‌ని కింద కుట్టు విప్పి, ప్యాచ్ తోలుకే కుట్టి, లైనింగ్ మళ్ళీ మూశాడు. జేబు జేబులాగే ఉంది. గుండుసూదులు వాడడు, క్లిప్పులే. దారం బరువైన నైలాన్. ఎండల్లో, రెండు వానల్లో తిరిగాను, అంచు ఎక్కడా లేవలేదు. నంది మూపురం దగ్గర రెండు రంగుల దారం వేసి నీడ తెప్పించాడు, అది మేం అడగనిది. ప్యాచ్ తయారీ, కుట్టుకూలీ కలిపి కోటుకి 60 డాలర్లు తీసుకున్నాడు. కార్డు తీసుకోడు, క్యాష్ ఉండాలి.

లోపాలున్నాయి. పది రోజులన్నది ఇరవై ఆరు రోజులు పట్టింది. ఫోన్ ఎత్తడు. శనివారం రెండింటి దాకా అని బోర్డు మీద ఉంటుంది, పన్నెండున్నరకే తాళం. ఇర్వింగ్ నుంచి రెండుసార్లు ఉత్తి చేతులతో తిరిగొచ్చాను. హార్లే ఓనర్స్ గ్రూప్ ప్యాచ్‌లు, మాజీ సైనికుల ప్యాచ్‌లు ఏమీ అడక్కుండా కుడతాడు. క్లబ్ ప్యాచ్ తెస్తే మాత్రం ఎవరిచ్చారో చెప్పాల్సిందే.

మిగతా ఎనిమిది కోట్లూ ఒకేసారి తెస్తే కోటుకి ఐదు డాలర్లు తగ్గిస్తానన్నాడు. ఐదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్కటీ ఫోన్ ఎత్తనందుకు.