కోనాం వేపుడుకు నాలుగు స్టార్లు, బిల్లుకు రెండు

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో, సముద్రం కనబడే ఒక ఫ్యామిలీ రెస్టారెంట్ ఇది. కింద భోజనాలు, పైన బార్. పేరు రాయడం లేదు. బిల్లు దగ్గర జరిగింది చెప్పాలి కాబట్టి రాయకపోవడమే మర్యాద.

ముందు తిండి సంగతి. కోనాం (వంజరం చేప) వేపుడు 420 రూపాయలు, మూడు ముక్కలు. కారం, పసుపు, అల్లం వెల్లుల్లి తప్ప పైన ఇంకే పూతా లేదు. కార్న్‌ఫ్లోర్‌లో ముంచి ఎర్ర రంగు పులిమే అలవాటు ఇక్కడికి ఇంకా రాలేదు, సంతోషం. పైన కరకరలాడింది, లోపల పొరలు పొరలుగా విడింది. రొయ్యల ఇగురు 380. మసాలా బాగుంది గానీ రొయ్య పొయ్యి మీద ఎక్కువసేపు ఉండిపోయినట్టుంది, సాగింది. ఇద్దరికీ భోజనం 220 చొప్పున: ముద్దపప్పు, పనసపొట్టు ఆవ కూర, చారు, గడ్డపెరుగు. ఆవ కూర కోసం రెండోసారి అడిగితే మొహం చిట్లించకుండా వడ్డించారు. నీళ్ల సీసా 40. నాతో వచ్చిన బావమరిది రెండు బీర్లు తాగాడు, ఒక్కోటి 280. వాటి రుచి గురించి నేను చెప్పలేను, నాకు అలవాటు లేదు.

వాణిజ్య పన్నుల శాఖలో పనిచేసి రిటైరైన మనిషిని. ఏ హోటల్‌కి వెళ్లినా క్యాష్ కౌంటర్ వెనక గోడ చదవకుండా ఉండలేను. ఇక్కడ గోడ నిండుగా ఉంది. 37తో మొదలయ్యే జీఎస్టీ నంబరు (36 అయితే తెలంగాణ), 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు, విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ట్రేడ్ లైసెన్సు, ఎక్సైజ్ శాఖ ఇచ్చిన బార్ లైసెన్సు. ఏ సంగతి మీద ఎవరు చట్టం చేయాలో రాజ్యాంగం జాబితాలు రాసి పంచింది. ఆహార కల్తీ కేంద్రం, రాష్ట్రం ఇద్దరికీ చెందిన ఉమ్మడి జాబితాలోది, పార్లమెంటు 2006లో చట్టం చేసింది, తనిఖీకి వచ్చేది మాత్రం ఎక్కువగా రాష్ట్ర అధికారే. మద్యం పూర్తిగా రాష్ట్రానిది. సత్రాలు, వాటిని నడిపేవాళ్లు కూడా రాష్ట్ర జాబితాలో 31వ అంశంగా విడిగా ఉన్నారంటే చాలామంది నమ్మరు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు తీసి చూసుకోవచ్చు.

ఇక బిల్లు. మొత్తం 1,840 రూపాయలకీ కలిపి సీజీఎస్టీ (కేంద్రం వాటా) 46, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 46 వేసి 1,932 చేశారు. తిండికీ బీరుకీ ఒకటే లెక్క! మేనేజర్ని పిలిచాను. ముప్పై ఏళ్లు దాటని కుర్రాడు, మర్యాదస్తుడు.

"బాబూ, బీరు మీద జీఎస్టీ ఎక్కడిది?"

"సిస్టమ్ అలా వేసేస్తోంది సార్. జీఎస్టీ సెంట్రల్ వాళ్లది కదండీ, అన్నింటికీ పడుతుంది."

బావమరిది నా చెయ్యి నొక్కాడు. "ఏటి బావా, ఇరవై ఎనిమిది రూపాయలకి?"

ఇరవై ఎనిమిది రూపాయలే. కానీ ఆ కుర్రాడు అన్న మాటలో రెండు తప్పులున్నాయి, రెండూ ఊరంతా నమ్ముతున్నవే. జీఎస్టీ ఒక్క కేంద్రం పన్ను కాదు. పార్లమెంటు చేసిన సీజీఎస్టీ చట్టం వేరు, మన శాసనసభ చేసిన ఏపీ జీఎస్టీ చట్టం వేరు, రెండూ 2017వే. హోటల్ భోజనానికి 5 శాతం అంటే రెండున్నర వాళ్లది, రెండున్నర మనది. అదివరకు రాజ్యాంగం పన్నుల్ని వస్తువారీగా పంచేది: ఇది నీది, అది నాది. 2016లో 101వ సవరణతో 246ఎ అధికరణం వచ్చాక ఒకే కంచంలో ఇద్దరూ చెయ్యి పెడుతున్నారు.

రెండో తప్పు మద్యం. ఆ సవరణే తాగే మద్యాన్ని జీఎస్టీ నిర్వచనంలోంచి తీసి పక్కన పెట్టింది. పెట్రోలు, డీజిలు, విమాన ఇంధనం, ముడిచమురు, సహజవాయువు కూడా ఇప్పటికి బయటే ఉన్నాయి గానీ, వాటిని కేంద్ర, రాష్ట్రాల మంత్రులు కూర్చునే జీఎస్టీ మండలి తేదీ చెప్పి లోపలికి తేవచ్చు. మద్యాన్ని తేవాలంటే రాజ్యాంగాన్నే మళ్లీ సవరించాలి. సీసా మీద ఎక్సైజ్ సుంకం, వ్యాట్ (అమ్మకం పన్ను) రాష్ట్రం వేసుకుంటుంది. దాని మీద ఈ కంప్యూటర్ రెండున్నర శాతం ఢిల్లీ పేర రాసేస్తే ఎలా ఊరుకోను?

మా శాఖలో చేరిన కొత్తలో పెద్దవాళ్లు హోటళ్ల మీద పన్ను కథ చెప్పేవారు. 1978లో నార్తర్న్ ఇండియా కేటరర్స్ కేసులో సుప్రీంకోర్టు, హోటల్లో వడ్డించేది సేవే గానీ అమ్మకం కాదంది. అమ్మకం కాకపోతే రాష్ట్రానికి అమ్మకం పన్ను లేదు. రాష్ట్రాలు గగ్గోలు పెడితే 1982లో 46వ సవరణ తెచ్చి, కూర్చుని తిన్నా అమ్మకం కిందే లెక్క అన్నారు. కథ అక్కడితో ఆగలేదు. 2011 నుంచి ఏసీ ఉండి మద్యం లైసెన్సున్న హోటళ్ల మీద కేంద్రం సర్వీస్ ట్యాక్స్ మొదలుపెట్టింది. తరవాత బిల్లులో 40 శాతాన్ని సేవగా లెక్కగట్టేవారు, మొత్తం తిండి మీద మేం వ్యాట్ వేసేవాళ్లం. అదే పప్పు, ఒకరికి సరుకు, ఇంకొకరికి సేవ. ఆ బిల్లులు గుర్తున్నవాళ్లు ఇప్పటి సమాన సగాలు చూసి మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను, కానీ సగమే.

ఎందుకంటే జీఎస్టీ మండలిలో ఓట్ల బరువు కేంద్రానికి మూడో వంతు, రాష్ట్రాలన్నింటికీ కలిపి మూడింట రెండు వంతులు. నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. లెక్క వేసుకోండి: రాష్ట్రాలన్నీ ఒక్కటైనా కేంద్రం ఒప్పుకోనిదే ఏదీ నెగ్గదు. మండలి సిఫార్సులు కట్టిపడేసేవి కావని 2022లో సుప్రీంకోర్టు అన్నా, ఏ రాష్ట్రమూ ఒంటరిగా రేటు మార్చి నిలబడే పరిస్థితి లేదు. ఒక ఆర్థిక మంత్రి తన బడ్జెట్ కోసం తన చేతులతో తిప్పుకోగలిగిన పెద్ద మరలు మద్యం, పెట్రోలు, రిజిస్ట్రేషన్లు. అందుకే ఏ పార్టీ వచ్చినా మద్యాన్ని వదలదు. పారిశ్రామిక స్పిరిట్ మీద అధికారం కోసం కూడా రాష్ట్రాలు కోర్టుకెక్కి, 2024 అక్టోబరులో తొమ్మిది మంది జడ్జీల బెంచీ దగ్గర 8-1తో గెలిచాయి.

ఇదంతా కుర్రాడికి చెప్పలేదు, సగం చెప్పాను. అతను ఓపిగ్గా విని, తిండికీ మద్యానికీ వేరువేరు బిల్లులు కొట్టించి తెచ్చాడు. తిండి 1,280, దాని మీద 32, 32. బీరు 560, పన్ను గడి ఖాళీ. మొత్తం 1,904. "మా ఫైల్ సెంట్రల్ వాళ్ల దగ్గరుంది సార్, వాళ్లూ ఎప్పుడూ అడగలేదు" అన్నాడు. టర్నోవర్ కోటిన్నర దాటిన వ్యాపారుల్ని కేంద్రం, రాష్ట్రం పన్నుల శాఖలు రెండూ చెరి సగం పంచుకున్నాయి. ఈ హోటల్ కేంద్రం వైపు పడింది. ఒక స్టారు ఆ కుర్రాడి ఓపికకి, ఒకటి దిద్దినందుకు. సాఫ్ట్‌వేర్‌కి సున్నా.

నీళ్ల సీసా మీద ఎంఆర్‌పీ 20 ఉంటే 40 తీసుకున్నారని బావమరిది రుసరుసలాడాడు. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు హోటళ్ల పక్షాన చెప్పేసింది, ఏమీ చెయ్యలేం. జగ్గులో నీళ్లు అడగండి, ఇస్తారు.

వెళ్లేవాళ్లకు ఒక సలహా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవల వేటకు విరామం. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు నిషేధం జారీ చేసేది రాష్ట్రం, అది దాటాక కేంద్రం. ఒకే తేదీలు పెట్టుకోకపోతే, లోపల పట్టి బయట పట్టామని చెప్పే పడవని ఎవరు ఆపుతారు? ఆ రెండు నెలల్లో కోనాం వడ్డిస్తే తాజాదా, ఐసులోదా అని అడగండి. అప్పుడు చెరువు రొయ్యే నయం. ఉడుకు తగ్గించమని మాత్రం ఆర్డరిచ్చేటప్పుడే చెప్పండి. కారు పెట్టుకోవడానికి వెనక వైపు చోటుంది, ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకల్లా నిండిపోతుంది.