బ్లెనిమ్ ప్యాలెస్: ముందు తోట, తర్వాతే కోట

ఇంగ్లండ్‌లో, ఆక్స్‌ఫర్డ్‌కు 13 కిలోమీటర్ల దూరంలో, వుడ్‌స్టాక్ అనే చిన్న ఊరిని ఆనుకుని ఉంటుంది బ్లెనిమ్ ప్యాలెస్. బస్సు దిగినవాళ్లలో చాలామంది హెన్సింగ్టన్ గేటు నుంచి తిన్నగా భవనంలోకి వెళ్లి, కాళ్లు లాగేదాకా గదులు చూసి, టీ తాగి తిరుగుముఖం పడతారు. పార్కును రేపటికి వదిలేసినట్టే లెక్క, ఆ రేపు రాదు. క్రమం తిరగేయండి.

లోపలికి రాగానే ఊరివైపున్న ట్రయంఫల్ ఆర్చ్ దగ్గరకు నడవండి. వాస్తుశిల్పి హాక్స్‌మూర్ 1723లో కట్టిన ద్వారమది. దాన్ని దాటి నిలబడితే చెరువు, వంతెన, వెనకాల ప్యాలెస్ ఒక్కసారిగా కళ్లముందు పరుచుకుంటాయి. ఆ వంతెనకో కథ ఉంది. 1704 ఆగస్టు 13న ఫ్రాన్స్ సేనల మీద బ్లెనిమ్ యుద్ధం గెలిచిన సేనాని మార్ల్‌బరో డ్యూక్‌కు ఆన్ రాణి ఈ వుడ్‌స్టాక్ ఎస్టేటు ఇచ్చింది. ప్యాలెస్ వాస్తుశిల్పి వాన్‌బ్రా 1705లో పని మొదలుపెట్టి, లోపల గదులు కూడా ఉండేలా పెద్ద వంతెన వేశాడు. కింద పారేది గ్లైమ్ అనే చిన్న ఏరు. ఏటికీ వంతెనకూ పొంతన లేక జనం నవ్వారు. 1760లలో తోటల రూపశిల్పి కేపబిలిటీ బ్రౌన్ వచ్చి ఏటికి అడ్డంగా ఆనకట్ట కట్టి చెరువు చేశాడు. వంతెన కింది గదులు మునిగిపోయాయి గానీ, పైభాగం నీటికి తగ్గ కొలతకొచ్చింది. ఏరు తెచ్చే ఒండ్రు మాత్రం నేటికీ తలనొప్పే, మేట తవ్వించక తప్పదు.

చెరువు అవతల 41 మీటర్ల విజయస్తంభం. ప్యాలెస్ నుంచి అక్కడికి కిలోమీటరు పైనే, ఎండలో నీడ తక్కువ. వాన పడ్డాక గడ్డి మీద మామూలు బూట్లతో నడిస్తే తడిసిపోతాయి.

భవనం విషయానికొస్తే, ఖర్చు ఎవరిదో స్పష్టంగా రాసుకోకపోవడమే మొదటి తప్పు. 1712లో ఖజానా డబ్బు ఆగింది, పనీ ఆగింది. డ్యూక్ భార్య డచెస్ సారాకూ వాన్‌బ్రాకూ చెడింది. 1725లో అతను చూద్దామని వస్తే గేటు దాటనివ్వలేదు. తర్వాతి తరాలూ అప్పుల్లోనే బతికాయి: 1880లలో గ్రంథాలయం, రఫేల్ చిత్రం అమ్మేశారు. 1895లో అమెరికా రైల్వే సంపన్నుల పిల్ల కాన్సుయెలో వాండర్‌బిల్ట్ తెచ్చిన కట్నమే మరమ్మతులకు ఆదుకుంది. భూమికి అద్దె మాత్రం మన జమీందార్లు కట్టే పేష్కష్ (కప్పం) లాంటిదే, కానీ సొమ్ము కాదు: ఏటా ఆగస్టు 13కల్లా విండ్సర్‌లో రాజుకు ఒక జెండా సమర్పించాలి.

లోపల హాల్ కప్పు మీద చిత్రకారుడు థార్న్‌హిల్ వేసిన బొమ్మ, బ్రిటన్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ పుట్టిన చిన్న గది (1874), లాంగ్ లైబ్రరీ చాలు, గంటన్నరలో అయిపోతుంది. బయట ఉత్తర ముఖమంటపంలో తల పైకెత్తండి: 1928లో కప్పు మీద బొమ్మలుగా వేయించిన నీలి, గోధుమరంగు కళ్లు మీ వంకే చూస్తుంటాయి. పైకప్పు అంచున ఉన్న రాతి శిఖరాల్లో ఫ్రాన్స్ లిల్లీ పువ్వు తలకిందులుగా ఉంటుంది. ఓడినవాడి గుర్తును అలా చెక్కించారన్నమాట. ఈ చమత్కారం గైడు చెప్పకపోతే ఎవరికీ పట్టదు. పశ్చిమాన మెట్లమెట్లుగా దిగే నీటి తోటలు 1920లలో ఫ్రెంచ్ తోటశిల్పి డ్యూషేన్ చేసినవి, ఫొటోలకు బావుంటాయి, అంతే.

టికెట్లు రెండు రకాలు: పార్కు, తోటలకు మాత్రమే ఒకటి, ప్యాలెస్‌తో కలిపి మరొకటి. రోజు టికెట్‌ను ఏడాది పాస్‌గా మార్చుకునే వీలు ఉంటూ వచ్చింది, కొనేటప్పుడు షరతులు చదవండి. పార్కు గుండా కొన్ని పబ్లిక్ కాలిబాటలు ఉచితమే, కానీ వాటిమీది నుంచి తోటల్లోకి వెళ్లడానికి లేదు.

లండన్ పాడింగ్టన్ నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు రైలు గంట, అక్కడినుంచి బస్సు. హ్యాన్‌బరో స్టేషన్ దగ్గరే గానీ ఆగే రైళ్లు తక్కువ, ఆపై నడకో టాక్సీయో. ఒక్క రోజుకైతే ఆక్స్‌ఫర్డ్‌లో బస చాలు, గదులూ ఎక్కువ, రాత్రి భోజనానికీ ఇబ్బంది లేదు. జనం రాకముందు, తెల్లవారి మంచులో పార్కు చూడాలనుకుంటేనే వుడ్‌స్టాక్‌లో దిగండి. తిండి ఖరీదు, పులిహోర డబ్బా తెచ్చుకుంటే చెరువుగట్టు గడ్డిమీద కూర్చుని తినొచ్చు, బాతులు మాత్రం వాటా అడుగుతాయి.