స్టిక్స్ మేలా, డిసానర్డ్ మేలా? నక్కి నక్కి ఆడే ఆటల్లో ఏది ముందు?

నల్లగొండలో గడియారం సెంటర్‌కు కాస్త దూరంలో నాకు కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. ర్యామ్ పెంచమనో, గ్రాఫిక్స్ కార్డు మార్చమనో వచ్చే కుర్రవాళ్లు పని అయ్యేదాకా కూర్చుని మాట్లాడుతుంటారు. ఈ ఏడాది వాళ్లలో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే: "అన్నా, స్టెల్త్ ఆట, అదే నక్కి నక్కి ఆడేది, మొదలుపెడదామనుకుంటున్నాను. స్టిక్సా, డిసానర్డా?" స్క్రూలు బిగిస్తూ చెప్పే రెండు ముక్కల్లో తేలే సంగతి కాదిది. అందుకే దసరా సెలవుల్లో రెండింటినీ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టి, దీపావళి దాకా రాత్రిళ్లు కూర్చుని ఆడాను. ఆ ఆట ఇంకా చేతుల్లో ఉండగానే రాస్తున్నాను.

రెండూ ఫ్రాన్స్ సంస్థలవే. డిసానర్డ్‌ను లియోన్‌లో పుట్టిన ఆర్కేన్ సంస్థ తయారుచేసింది, 2012 అక్టోబరులో వచ్చింది. 'స్టిక్స్: మాస్టర్ ఆఫ్ షాడోస్' సయనైడ్ సంస్థది, 2014 అక్టోబరులో వచ్చింది. రెండింటిలోనూ మాయలున్నాయి, కాపలాదారులున్నారు, ఎవరి కంటా పడకుండా లోపలికి వెళ్లి పని ముగించుకుని బయటపడాలి. పైకి చూస్తే ఒకే కుదురు. ఆడితే మాత్రం పోలికే లేదు.

నా దృష్టిలో స్టెల్త్ ఆటను తేల్చే ప్రశ్న ఒక్కటే: దొరికిపోతే ఏమవుతుంది?

డిసానర్డ్‌లో మీరు కార్వో. ఒకప్పుడు మహారాణికి అంగరక్షకుడు. ఒక చేతిలో కత్తి, రెండో చేతిలో తుపాకీయో విల్లో మాయో. కన్నుమూసి తెరిచేలోగా ఇక్కడినుంచి అక్కడికి చేర్చే 'బ్లింక్' శక్తి ఉంది. కాలాన్ని ఆపవచ్చు, ఎలుకల మందను పిలవవచ్చు. ఇలాంటివాడు ముగ్గురు కాపలాదారులకు దొరికితే భయపడవలసింది వాళ్లు. గోడ చాటున నక్కి ఉన్నప్పుడు కూడా మనసులో ఒక ధీమా ఉంటుంది, పని చెడితే చూసుకుందాంలే అని. అంటే అక్కడ దాక్కోవడం మనం ఎంచుకున్న మర్యాద మాత్రమే. అవసరం కాదు.

స్టిక్స్ అలా కాదు. వాడొక గాబ్లిన్, పాశ్చాత్య కథల్లో వచ్చే మరుగుజ్జు భూతం. ఆకుపచ్చని ఒళ్లు, మనిషి నడుము దాటని ఎత్తు, చేతిలో ఒక్క బాకు. కాపలాదారు దగ్గరకు వస్తే ఎదురెదురుగా ఇరుక్కుపోతాడు. సరైన క్షణంలో దెబ్బను అడ్డుకుంటే ఒక్కడిని ఎలాగో పడేయవచ్చు. ఆ చప్పుడు విని రెండోవాడు వచ్చాడా, కథ ముగిసినట్టే. అందుకే స్టిక్స్‌లో చీకటి మూల అలంకారం కాదు, ప్రాణం. దొంగకు తేలు కుట్టినట్టు అంటారు కదా, కుట్టినా అరవడానికి లేదు. ఆ మాటకు అర్థం ఈ ఆట ఆడుతుండగా నాకు ఒళ్లంతా తెలిసింది.

ఒక్క సందర్భం చెబుతాను. స్టిక్స్ కథ జరిగే అకెనాష్ కోటలో ఒక గది. నేను బల్ల కింద ఉన్నాను. కాపలాదారు బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. వస్తాడు, ఆగుతాడు, వెనక్కి తిరుగుతాడు. ఇటువైపు కుర్చీ ఉంది, దానికి ఒళ్లు తగిలితే చప్పుడు. అటువైపు గోడకు దివిటీ ఉంది, ఆర్పాలంటే వెలుగులోకి రావాలి. వెనుకనుంచి వెళ్లి బాకు దింపవచ్చు. కానీ చప్పుడు కాకుండా చంపాలంటే నోరు మూసి కొంతసేపు పట్టుకోవాలి, ఈలోగా ఇంకొకడు తలుపు తీస్తే అంతే. వేగంగా పొడిస్తే వాడు అరుస్తాడు. నాకున్న దారులన్నీ ఇవే, ప్రతిదానికీ ఒక వెల ఉంది. చివరికి ఏమీ చేయలేదు. వాడి అడుగులు లెక్కపెట్టి, మూడోసారి వీపు తిప్పినప్పుడు కిటికీ అంచు పట్టుకుని వేలాడాను. వాడు నా చేతివేళ్లకు అడుగు దూరంలోంచి వెళ్లిపోయాడు. డిసానర్డ్‌లో ఇలాంటి గదిని ఒక్క బ్లింక్‌తో దాటేస్తాం. దాటిన గది గుర్తుండదు.

ఇక నీడల సంగతి. ఈ విషయం మనవాళ్లు సులువుగా పట్టుకోగలరని నా నమ్మకం. నల్లగొండ పక్కనే పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, కందూరు చోడుల కాలం నాటిది. మూడు గర్భగుళ్లలో ఒకదానిలో లింగం వెనుక గోడమీద స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలబడుతుంది. సూర్యుడు జరుగుతాడు, నీడ జరగదు. ఏ స్తంభానిదీ నీడ అని వెతికితే ఎదురుగా స్తంభమే ఉండదు. మంటపం స్తంభాల సందుల్లోంచి వెలుగు అటూ ఇటూ పడి, మధ్యలో మిగిలిన చోటే నీడగా నిలుస్తుంది. కట్టినవాడు చీకటిని పనిగట్టుకుని పెట్టలేదు, వెలుగు ఎటునుంచి రావాలో నిర్ణయించాడు. చిన్నప్పుడు బడివాళ్లు తీసుకెళితే ఆ గుడిలో నేను గోడకు చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడిపోయాను.

మాస్టర్ ఆఫ్ షాడోస్‌లో ప్రతి గదీ ఆ పద్ధతిలో ఆలోచించి కట్టిందే. దివిటీ ఎక్కడుందో చూస్తే నీడ ఎక్కడుంటుందో తెలుస్తుంది, నీడ ఎక్కడుందో తెలిస్తే దారి తెలుస్తుంది. దివిటీని ఆర్పితే కొత్త దారి పుడుతుంది. డిసానర్డ్‌లో చీకటికి అంత విలువ లేదు. దూరంనుంచి చూసేవాడికి కాస్త మరుగు ఇస్తుందే తప్ప, దగ్గరగా వచ్చిన కాపలాదారుకు చీకట్లో ఉన్నా మీరు కనిపిస్తారు. అక్కడ లెక్కలోకి వచ్చేది చూపు ఎటు ఉంది, మధ్యలో అడ్డం ఏముంది అన్నదే. అది తప్పని అనను, వాళ్లు కావాలనే అలా చేశారు. నీడలో ఒదిగి ఊపిరి బిగబట్టాలని వచ్చినవాడికి మాత్రం అక్కడ ఆ తృప్తి దొరకదు.

డిసానర్డ్ గొప్పతనం వేరే చోట ఉంది, దాన్ని తక్కువ చేస్తే అన్యాయం. దాని కథ జరిగే డన్‌వాల్ నగరం అలాంటిది. తిమింగలాల నూనెతో నడిచే యంత్రాలు, మహమ్మారి మోసుకొచ్చే ఎలుకలు, సగం మూతపడిన ఇళ్లు. ఒక ధనవంతుల ఇంట్లో ముసుగుల విందు జరిగే ఘట్టం ఉంటుంది. అందరూ ముసుగుల్లోనే ఉంటారు గనుక మీరు మీ ముసుగుతోనే అతిథుల మధ్య తిరగవచ్చు. అతిథుల పుస్తకంలో సంతకం కూడా పెట్టవచ్చు. ఇంకోచోట విషం కలిపిన గ్లాసును ఎదుటివాడి గ్లాసుతో మార్చేయవచ్చు. ఒకే పనికి ఇన్ని దారులు స్టిక్స్‌లో లేవు. నగరంలో ఎంతమందిని చంపితే అంత అరాచకం పెరుగుతుంది, ఎలుకలు పెరుగుతాయి, ముగింపు చీకటవుతుంది. ఆలోచన చక్కనిదే. చిక్కల్లా ఒక్కటే: ఆట మీ చేతికిచ్చే ఆయుధాల్లో చాలామటుకు చంపడానికి పనికివచ్చేవే. మంచి ముగింపు కావాలంటే వాటిని దాచిపెట్టుకుని, స్పృహ తప్పించే ఒకటి రెండు ఉపాయాలతోనే ఆటంతా గడపాలి. పెళ్లి విందులో ఆకు ముందు కూర్చోబెట్టి పెరుగన్నం మాత్రమే తినమన్నట్టు ఉంటుంది.

స్టిక్స్‌లో ఈ చిక్కు లేదు. స్పృహ తప్పించడం అన్నదే ఉండదు. చంపాలి, లేదా తాకకుండా పోవాలి. ఎవరినీ చంపకుండా ఒక ఘట్టం ముగిస్తే దానికో గుర్తింపు ఇస్తారు. ఒక్క అలారం కూడా మోగకపోతే ఇంకోటి. ఆ రెండూ ఒకేసారి సాధించిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

వాడి మాయలు కూడా బీదవాడి మాయలే. అంబర్ అనే ద్రవం తాగితే కొద్ది క్షణాలు కనిపించకుండా పోతాడు, ఇంకాస్త వాడితే దాచిన వస్తువులు, కాపలాదారులు మెరుస్తూ కనిపిస్తారు. నోట్లోంచి తనలాంటి ఇంకో గాబ్లిన్‌ను కక్కగలడు. ఆ నకిలీని పంపి కాపలాదారులను దారి మళ్లించవచ్చు. అంబర్ సీసాలు అరుదు. అందుకే ఒక్కో మాయనూ పండగ బట్టల్లా దాచుకుని వాడుకుంటాం.

మరి లోపాలు? ఉన్నాయి, పెద్దవే. మొదటిది దూకడం. అకెనాష్ ఆకాశంలోకి లేచిన కోట, దూలాలూ గొలుసులూ అంచులూ పట్టుకుని ఎక్కాలి. దేవరకొండ ఖిల్లా ఎక్కినవాళ్లకు ఆ ఎత్తుల సరదా తెలుసు. అలాంటి ఆటలో దూకడమే సరిగా కుదరకపోతే ఎంత కష్టం! అంచు పట్టుకోవలసిన చోట పట్టుకోడు, ఒక్క అడుగు ఎక్కువ పడి లోయలోకి జారిపోతాడు. తప్పు మనదైతే సరిదిద్దుకుంటాం, ఆటదైతే ఏం చేస్తాం? రెండోది, ఆట సగం దాటాక మునుపు తిరిగిన చోట్లకే మళ్లీ పంపుతుంది, ఈసారి వెనుకనుంచి ముందుకు. మొదటి ఒకటి రెండు చోట్ల ఎరిగిన ఇంట్లో తిరుగుతున్నట్టు బాగానే ఉంటుంది, తర్వాత విసుగు. మూడోది, కాపలాదారులు మందమతులు. సహచరుడి శవం చూసి గగ్గోలు పెట్టినవాడు కాసేపటికి అన్నీ మరిచి తన దారిన తాను తిరుగుతుంటాడు.

నాలుగోది ఆటది కొంత, మనది కొంత. ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు. ప్రతి అడుగుకూ సేవ్ చేస్తే భయం పోతుంది, భయం పోతే ఇందాక చెప్పిన బల్ల కింది గది వట్టి గది అయిపోతుంది. నేను ఒక నియమం పెట్టుకున్నాను: ఒక గది పూర్తిగా దాటాకే సేవ్. మీరూ అలా ఆడి చూడండి, ఆట రెట్టింపవుతుంది.

"మరి రెండో స్టిక్స్ ఉంది కదా అన్నా" అని అడుగుతారు. 'షార్డ్స్ ఆఫ్ డార్క్‌నెస్' 2017 మార్చిలో వచ్చింది. తెరమీది బొమ్మలు చాలా మెరుగు, దూకడం కూడా. ఊగడానికి తాళ్లు వచ్చాయి, దొరికిన సరంజామాతో ఉచ్చులు తయారుచేసుకోవచ్చు. ఇద్దరు కలిసి ఆడవచ్చు, కానీ ఆన్‌లైన్‌లోనే. ఒకే ఇంట్లో అన్నదమ్ములకు రెండు కంప్యూటర్లు కావాలి. చచ్చిన ప్రతిసారీ స్టిక్స్ తెరమీదికి వచ్చి ఆడేవాడిని ఎగతాళి చేస్తాడు. మొదటి నాలుగుసార్లు నవ్వొస్తుంది, నలభయ్యోసారి చెవులు మూసుకుంటాం. కథ నడుమన తెగ్గొట్టినట్టు ఆగిపోతుంది. నైపుణ్యంలో ఇదే మెరుగైన ఆట, నేను కాదనను. అయినా మొదటిదానిలో ఒకే కోట చుట్టూ అల్లుకున్న బిగువు ఇందులో లేదు. మొదటిది నచ్చితే ఇది ఎలాగూ ఆడతారు.

1998 నాటి 'థీఫ్' ఈ వంశానికి మూలపురుషుడు. రాతి నేల మీద అడుగు టకటకమంటుంది, తివాచీ మీద వినిపించదు, ఆ తేడా మీదే ఆటంతా నడుస్తుంది. పాత బొమ్మలను ఓర్చుకోగలిగితే తప్పక ఆడండి. 2016లో వచ్చిన 'అరగామి' నీడలోంచి నీడలోకి దూకే ఆట, ముచ్చటగా ఉంటుంది, త్వరగా తేలిపోతుంది.

కంప్యూటర్ విషయం కూడా చెప్పాలి, నా వృత్తి అదే గనుక. మాస్టర్ ఆఫ్ షాడోస్, డిసానర్డ్ రెండూ అన్‌రియల్ ఇంజిన్ 3 (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మీద కట్టినవి. నా దుకాణంలో మూలన పడున్న పాత కార్డుల మీద కూడా రెండూ సాఫీగా నడిచాయి. షార్డ్స్ ఆఫ్ డార్క్‌నెస్ ఇంజిన్ 4 మీదిది, అదే కార్డు మీద ఆగి ఆగి నడిచింది. కొత్త కార్డు కొనలేనివాళ్లు మొదటి స్టిక్స్‌తోనే మొదలుపెట్టడానికి ఈ ఒక్క కారణమే చాలు.

కథ, నగరం, తిరిగే స్వేచ్ఛ కావాలంటే డిసానర్డ్ ముందు ఆడండి, మోసపోరు. దాక్కోవడం అంటే ఏమిటో ఆటలో తెలుసుకోవాలంటే మాస్టర్ ఆఫ్ షాడోస్. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి, అడుగుల చప్పుడు ఎటునుంచి వస్తోందో వినకుండా ఈ ఆట ఆడలేరు.

పోయిన వారం మిర్యాలగూడ నుంచి ఒక ఇంటర్ కుర్రవాడు వచ్చాడు. వాళ్ల నాన్న పాత కంప్యూటర్‌కు నాలుగు జీబీ ర్యామ్ వేయించుకుని, ఇదే ప్రశ్న అడిగాడు. స్టిక్స్ అన్నాను. సేవ్ గురించి నా నియమం చెప్పి పంపాను. మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు, ఇంట్లోవాళ్లు నిద్రలో ఉన్నారేమో అనుకున్నాను.

"అన్నా, బల్ల కింద ఉన్నాను. వాడు పోవడం లేదు."

"కదలకు," అన్నాను. "అడుగులు లెక్కపెట్టు."