ఎక్స్‌క్లూజివ్ ఒప్పందమా, ఉమ్మడి పే పర్ వ్యూనా, ఒక్క మ్యాచ్ సంతకమా: పెద్ద బాక్సింగ్ మ్యాచ్‌కి ఏది మేలు?

స్పెన్స్, క్రాఫర్డ్ మ్యాచ్ 2023 దాకా ఎందుకు జరగలేదు? జాషువా, వైల్డర్ అసలెందుకు తలపడలేదు? బాక్సింగ్ చూసేవాళ్లు ఎప్పుడు కలిసినా ఈ ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. "భయపడి తప్పించుకున్నాడు" అనేది నోటికి తేలిగ్గా వచ్చే జవాబు. చాలాసార్లు అసలు కారణం టీవీ ఒప్పందంలో దొరుకుతుంది. ఏ రకం ఒప్పందం ఉంటే మనం కోరుకునే మ్యాచ్ జరిగే అవకాశం ఎక్కువో పక్కపక్కన పెట్టి చూద్దాం.

అమెచ్యూర్ బాక్సింగ్‌లో ఈ గొడవే లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌కు సీడింగ్ దక్కలేదు. డ్రా ప్రకారం రెండో బౌట్‌లోనే టాప్ సీడ్, చైనా బాక్సర్ వూ యూ ఎదురైంది. నిఖత్ ఓడింది, చివరికి స్వర్ణం వూ యూకే దక్కింది. ఎవరికి ఇష్టమున్నా లేకున్నా ఆ బౌట్ జరిగి తీరాలి. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో డ్రా ఉండదు. ఇద్దరు బాక్సర్లు, వాళ్ల మ్యాచ్‌లు ఏర్పాటుచేసే ఇద్దరు ప్రమోటర్లు, వాళ్ల వెనకున్న రెండు నెట్‌వర్క్‌లు, అందరూ ఒప్పుకుంటేనే గంట మోగుతుంది.

ఒప్పందం ఏదైనా ముందు చూడాల్సింది ఒకటుంది. నెట్‌వర్క్ తేదీకి డబ్బు కడుతోందా, ప్రత్యర్థిని చూసి కడుతోందా? ఎన్ని కోట్లు, ఎన్నేళ్లు అనేవి ఆ తర్వాతి సంగతి.

అమెరికా టీవీ ఛానెల్ హెచ్‌బీఓ పాత రోజుల్లో ఎక్కువగా మ్యాచ్ లెక్కన లైసెన్స్ ఫీజు ఉండేది. ప్రమోటర్ రెండు పేర్లు పట్టుకెళ్లేవాడు. రెండో పేరు గట్టిదైతే ధర పెరిగేది, మరీ తీసికట్టు పేరైతే ఆ మ్యాచ్ వద్దనేవాళ్లు. తర్వాత వచ్చిన ఎక్స్‌క్లూజివ్ ఒప్పందాల్లో, అంటే ఒక ప్రమోటర్ మ్యాచ్‌లన్నీ ఒకే నెట్‌వర్క్‌కి కట్టుబడే వాటిలో, ఎక్కువ భాగం ఏడాదికి ఇన్ని తేదీలు, మొత్తం ఇంత అన్న పద్ధతిలో సాగాయి. ఇక్కడ ప్రమోటర్ లెక్క మారిపోతుంది. అవతలి గూటి (మరో ప్రమోటర్, అతని నెట్‌వర్క్) నుంచి బలమైన ప్రత్యర్థిని తెస్తే పారితోషికం ఎక్కువివ్వాలి, తన బాక్సర్ ఓడే ప్రమాదమూ పెరుగుతుంది. నెట్‌వర్క్ నుంచి వచ్చేది మాత్రం అంతే. సొంత జాబితాలోంచి ఓ మాదిరి ప్రత్యర్థిని దించినా ఆ తేదీ నిండుతుంది.

అలాగని ఎక్స్‌క్లూజివ్ పద్ధతిని కొట్టిపారేయలేం. ఒకే గూటిలో ఇద్దరు మేటి బాక్సర్లు ఉంటే ప్రేక్షకుడికి దీన్ని మించింది లేదు. 2020 అక్టోబర్ 17న లోమచెంకో, తియోఫిమో లోపెజ్ తలపడ్డారు. ఇద్దరూ టాప్ ర్యాంక్ అనే ప్రమోషన్ కంపెనీ వాళ్లే. కోవిడ్ వల్ల టికెట్ల ఆదాయం లేకపోయినా, పే పర్ వ్యూ (ఒక్క మ్యాచ్‌కి విడిగా డబ్బు కట్టి చూడటం) పెట్టకుండా మామూలు ఈఎస్‌పీఎన్‌లోనే చూపించారు. 2021 మే 22న జోష్ టేలర్, హోసే రామిరెజ్ 140 పౌండ్ల విభాగంలో నాలుగు ప్రధాన బాక్సింగ్ సంస్థలిచ్చే చాంపియన్ బెల్టుల కోసం పోరాడిందీ అదే ఛానెల్లో, అదే గూటి నుంచి. కొత్త కుర్రాళ్లకు నాలుగు, ఆరు, ఎనిమిది రౌండ్ల బౌట్లు తరచుగా దొరకాలన్నా ఏడాది పొడవునా తేదీలుండే ఇలాంటి ఒప్పందమే కావాలి.

తేడా ఎక్కడొచ్చిందో 147 పౌండ్ల విభాగం చూస్తే తెలుస్తుంది. స్పెన్స్, థర్మన్, పోర్టర్, డానీ గార్సియా, ఉగాస్ అందరూ పీబీసీ అనే ప్రమోషన్ కంపెనీ గూటిలో, షోటైమ్, ఫాక్స్ ఛానెళ్లలో ఉన్నారు. క్రాఫర్డ్ ఒక్కడే టాప్ ర్యాంక్, ఈఎస్‌పీఎన్ వైపు. స్పెన్స్ 2017 మేలో ఐబీఎఫ్ బెల్టు, క్రాఫర్డ్ 2018 జూన్‌లో డబ్ల్యూబీఓ బెల్టు గెలిచారు. స్పెన్స్‌కు గూడు దాటకుండానే పోర్టర్, గార్సియా, ఉగాస్ దొరికారు. క్రాఫర్డ్‌కు తన గూటిలో ఆ స్థాయి వాడు ఒక్కడూ లేడు. ఇద్దరూ ఒకే బరువులో చాంపియన్లుగా ఉండి కూడా ఐదేళ్లు ఎవరి కుంపటి వాళ్లది అన్నట్టే గడిపారు.

ఒకే గూటికి చేరితే చాలు, మ్యాచ్ ఖాయం అనుకోవడం కూడా పొరపాటే. కనెలో 2018 అక్టోబర్‌లో డాజన్ అనే స్ట్రీమింగ్ సర్వీస్‌తో 11 మ్యాచ్‌లకు 36.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు. 2019లో గొలోవ్‌కిన్ కూడా అక్కడికే వచ్చాడు. వాళ్ల మూడో మ్యాచ్ వెంటనే ఉంటుందని అందరూ అనుకున్నారు. కనెలో మూడు మ్యాచ్‌లు ఆడాక వ్యవహారం కోర్టుకెక్కింది, 2020 నవంబర్‌లో ఒప్పందం తెగిపోయింది. గొలోవ్‌కిన్‌తో మూడో మ్యాచ్ 2022 సెప్టెంబర్ 17న గానీ జరగలేదు, అప్పటికి గొలోవ్‌కిన్‌కు 40 ఏళ్లు. డబ్బు పెద్దదే, గూడు ఒకటే, అయినా నాలుగేళ్లు పోయాయి.

మధ్యలో గూడు మారినా ఇదే నష్టం. 2014లో లైట్ హెవీవెయిట్ చాంపియన్ అడోనిస్ స్టీవెన్సన్ హెచ్‌బీఓ నుంచి షోటైమ్‌కు వెళ్లాడు. హెచ్‌బీఓలో ఉన్న కొవలెవ్‌తో అతని మ్యాచ్ ఇక ఎప్పటికీ జరగలేదు. ఆ విభాగంలో ఆ రోజుల్లో చూడాల్సిన మ్యాచ్ అదొక్కటే.

రెండో దారి ఉమ్మడి పే పర్ వ్యూ: రెండు నెట్‌వర్క్‌లూ కలిసి అమ్ముకుని పంచుకోవడం. 2002 జూన్ 8న మెంఫిస్‌లో లెన్నాక్స్ లూయిస్, టైసన్ మ్యాచ్‌ని హెచ్‌బీఓ, షోటైమ్ ఇలాగే చేశాయి. 2015 మే 2న మేవెదర్, పకియావో మ్యాచ్ కూడా అంతే. దాదాపు 100 డాలర్ల ధర పెట్టినా 46 లక్షల కొనుగోళ్లు వచ్చాయి. ఇలాంటి మ్యాచ్‌లో ఇద్దరి వాటాలు తేలినంత మాత్రాన పని అయిపోదు. ప్రసారం ఎవరి సిబ్బంది చేయాలి, వ్యాఖ్యాతలు ఎవరి వాళ్లు, మర్నాటి నుంచి పునఃప్రసారం హక్కు ఎవరిది, అండర్‌కార్డ్‌లో (అసలు మ్యాచ్‌కి ముందు జరిగే బౌట్లలో) ఎవరి బాక్సర్లు అన్నవి ఒక్కొక్కటీ తేలాలి. 2015లో రింగ్ అనౌన్సర్లను కూడా ఇద్దర్ని పెట్టారు, బఫర్ ఒకరు, లెన్నన్ ఒకరు. అండర్‌కార్డ్ టీవీ బౌట్లు రెండే. అటు లోమచెంకో, ఇటు లియో శాంటా క్రూజ్. రెండూ ఏకపక్షమే. కొనేవాళ్లు చివరి నిమిషంలో ఎగబడటంతో కేబుల్ వ్యవస్థలు తట్టుకోలేక అసలు మ్యాచే ఆలస్యమైంది.

ఉమ్మడి పద్ధతిలో పెద్ద లోపం ఆలస్యమే. రెండు నెట్‌వర్క్‌లు పంచుకున్నా మిగిలేంత పెద్ద మొత్తం పోగయ్యేదాకా ఎవరూ కదలరు. మెంఫిస్ నాటికి లూయిస్‌కు 36, టైసన్‌కు 35. 2015లో మేవెదర్‌కు 38, పకియావోకు 36. ఫ్యూరీ, వైల్డర్ రెండో మ్యాచ్ కొంత నయం. 2018 డిసెంబర్ 1న మొదటి మ్యాచ్ డ్రా అయ్యాక, 2019 ఫిబ్రవరిలో ఫ్యూరీ టాప్ ర్యాంక్, ఈఎస్‌పీఎన్‌తో సంతకం చేయడంతో రెండో మ్యాచ్ చర్చలు ఆగాయి. 2020 ఫిబ్రవరి 22న ఈఎస్‌పీఎన్, ఫాక్స్ ఉమ్మడిగా మ్యాచ్ చేశాయి. ఆ ఒప్పందంలోని మరో మ్యాచ్ క్లాజే తర్వాత మెడకు చుట్టుకుంది. 2021 మేలో మధ్యవర్తి తీర్పు వైల్డర్‌కు అనుకూలంగా వచ్చి, ఆగస్టులో అనుకున్న ఫ్యూరీ, జాషువా మ్యాచ్ రద్దయింది.

ఉమ్మడి పద్ధతిలో సరైన వయసులో కుదిరింది జెర్వాంటా డేవిస్, రయాన్ గార్సియా మ్యాచ్. 2023 ఏప్రిల్ 22 నాటికి ఒకరికి 28, ఇంకొకరికి 24. అక్కడ కూడా గార్సియా 136 పౌండ్ల బరువుకు, బరువు తూచాక పది పౌండ్లకు మించి పెరగకూడదన్న షరతుకు తలొగ్గాకే పని జరిగింది.

మూడో దారి ఒక్కో మ్యాచ్‌కి విడిగా సంతకం. ఈ మూడింట్లో మొగ్గు దీనివైపే. స్పెన్స్, క్రాఫర్డ్ మ్యాచ్‌ని నిజంగా కదిలించింది ఇదే. 2021 నవంబర్ 20న పోర్టర్‌ను ఓడించడంతో టాప్ ర్యాంక్‌తో క్రాఫర్డ్ ఒప్పందంలోని మ్యాచ్‌లు అయిపోయాయి. 2022 చివర్లో స్పెన్స్‌తో చర్చలు చెడితే, ఊరికే కూర్చోకుండా బీఎల్‌కే ప్రైమ్ అనే కొత్త సర్వీస్‌లో అవనేస్యన్‌తో ఒక్క మ్యాచ్ ఆడాడు. 2023 జూలై 29న షోటైమ్ పే పర్ వ్యూలో స్పెన్స్ ఎదురొచ్చేసరికి, పంచుకోవాల్సిన రెండో నెట్‌వర్కే లేదు. క్రాఫర్డ్ తొమ్మిదో రౌండ్‌లో మ్యాచ్ ముగించి నాలుగు బెల్టులూ తీసుకున్నాడు. ఒక్క మ్యాచ్ సంతకంలో డబ్బు సహజంగానే ప్రత్యర్థి పేరు మీద నిలబడుతుంది.

అయితే పేరున్నవాడికే ఇది చెల్లుతుంది. పది బౌట్ల కుర్రాడు ఇలా బయటికొస్తే అడిగేవాడుండడు, గాయమైతే ఆ ఏడాది ఆదాయం సున్నా. అప్పుడే పుట్టిన సర్వీస్ ఆఖర్లో చేతులెత్తేసే ప్రమాదమూ ఉంది. లోపెజ్, కంబోసస్ మ్యాచ్ నిర్వహణ హక్కు వేలాన్ని ట్రిల్లర్ 60 లక్షల డాలర్లకు పైగా పాడి గెలుచుకుని, తేదీలు మార్చి మార్చి చివరికి నిర్వహించలేకపోయింది. మ్యాచ్‌రూమ్ అనే మరో ప్రమోటర్ చేతికొచ్చి 2021 నవంబర్ 27న జరిగింది.

బెల్టు సంస్థలు ఆదేశించే ఈ వేలం పద్ధతి అదనపు ఒత్తిడిగా పనికొస్తుంది, అంతకు మించి కాదు. పోర్టర్‌తో క్రాఫర్డ్ మ్యాచ్ కూడా డబ్ల్యూబీఓ ఆదేశించాక, వేలం ముంగిట రెండు పక్షాలూ దిగొచ్చి కుదుర్చుకున్నదే. ప్రమోటరే టీవీ సమయం కొనుక్కునే పద్ధతిని 2015లో పీబీసీ ప్రయత్నించింది. ఎక్కువ కాలం నిలవలేదు.

ఇక సౌదీ డబ్బు. 2024 మే 18న రియాద్‌లో ఫ్యూరీ, ఉసిక్ మ్యాచ్‌తో నాలుగు బెల్టుల కాలంలో తొలి ఏకైక హెవీవెయిట్ చాంపియన్ తేలాడు. బ్రిటన్‌లో డాజన్, స్కై, టీఎన్‌టీ మూడింటికీ ప్రసారం ఇచ్చేశారు, తగువుకు చోటే లేదు. అసలు మ్యాచ్ వేళను లండన్ శనివారం రాత్రికి సరిపెట్టడంతో మనం తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో లేవాల్సి వచ్చింది. లాస్ వేగస్ మ్యాచ్ అయితే ఆదివారం ఉదయం కాఫీతో చూస్తాం. ఈ పద్ధతి కూడా అన్నిసార్లూ ఫలించదు. 2023 డిసెంబర్ 23న జాషువా, వైల్డర్ ఒకే రాత్రి, ఒకే రింగ్‌లో, వేర్వేరు ప్రత్యర్థులతో ఆడారు. ఇద్దరూ గెలిస్తే తర్వాత వాళ్లిద్దరికీ మ్యాచ్ అన్నది ఆలోచన. వైల్డర్ పార్కర్ చేతిలో ఓడాడు. ఇద్దరూ అజేయులుగా ఉన్న 2018లో చేయాల్సిన మ్యాచ్‌ని అప్పటికి ఎంత డబ్బూ వెనక్కి తేలేకపోయింది.

హెచ్‌బీఓ 2018లో, షోటైమ్ 2023లో బాక్సింగ్ మానేశాయి. టాప్ ర్యాంక్, ఈఎస్‌పీఎన్ ఒప్పందం 2025 జూలైలో ముగిసింది. అదే ఏడాది సెప్టెంబర్ 13న కనెలో, క్రాఫర్డ్ మ్యాచ్ నెట్‌ఫ్లిక్స్‌లో అదనపు రుసుము లేకుండానే వచ్చింది. ఇకపై ఏదైనా పెద్ద మ్యాచ్ "దాదాపు ఖాయం" అని వార్త వస్తే మూడు సంగతులు వెతకండి: ఇద్దరికీ పాత ఒప్పందంలో ఇంకా ఎన్ని మ్యాచ్‌లు మిగిలున్నాయి, ఓడినవాడికి మరో మ్యాచ్ హక్కు ఉందా, డబ్బు హామీ పత్రంలో ప్రత్యర్థి పేరు రాసి ఉందా. మూడోదానికి జవాబు లేదంటే, ఆ తేదీకి వేరే ప్రత్యర్థి దిగే అవకాశమే ఎక్కువ.