సబ్జెక్ట్, ప్రెడికేట్: కర్త-క్రియతో చెప్పాలా, కత్తెరతో చెప్పాలా? ఏది మేలు?

తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియంలోకి మారిన ఐదు, ఆరు తరగతుల పిల్లలకు సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతుంటాను. వాక్యంలో సబ్జెక్ట్ (ఎవరి గురించి, దేని గురించి చెబుతున్నామో ఆ భాగం) ఎక్కడ అయిపోయి ప్రెడికేట్ (దాని గురించి చెప్పే మిగతా భాగం) ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి మూడు దారులు పట్టి చూశాను. మొదటిది మనందరికీ చిన్నప్పుడు చెప్పిందే, సబ్జెక్ట్ అంటే కర్త, వెర్బ్ అంటే క్రియ అని తెలుగుకు ముడిపెట్టడం. రెండోది ‘ఎవరు? ఏం చేశారు?’ అని అడగడం. మూడోది వాక్యాన్ని పొడుగాటి కాగితం ముక్క మీద రాయించి కత్తెరతో ఒకే ఒక్క చోట కోయించడం. నా ఓటు మూడోదానికి.

కర్త దారి మొదటి రోజు భలే సాగుతుంది. ‘రవి ఏట్ ఎ మ్యాంగో’ అంటే సబ్జెక్ట్ రవి అని అందరూ చెప్పేస్తారు. మర్నాడు ‘ఎ మ్యాంగో వాజ్ ఈటెన్ బై రవి’ అని రాస్తే మళ్లీ రవే అంటారు, తిన్నది వాడే కదా! తెలుగు వ్యాకరణం ప్రకారం పిల్లలు చెప్పింది కరెక్టే, ‘రవి చేత తినబడింది’ అన్నా కర్త రవే. కానీ ఇంగ్లీషులో అక్కడ సబ్జెక్ట్ మామిడిపండు. కర్త అంటే పని చేసేవాడు, సబ్జెక్ట్ అంటే వాక్యంలో ఒక స్థానం, రెండూ చాలాసార్లు కలిసొస్తాయి కాబట్టి ఒకటే అనుకుంటాం. ఉద్దేశ్యం, విధేయం అనే తెలుగు వ్యాకరణం మాటలు సబ్జెక్ట్, ప్రెడికేట్‌లకు కొంత దగ్గరగా ఉన్నాయి గానీ, ఉద్దేశ్యం అంటే పిల్లలకు మనసులోని ఆలోచన అనే తెలుసు, కాబట్టి వాటి జోలికి నేను పోను.

అసలు చిక్కంతా ‘నాకు’ వాక్యాల్లో ఉంది. నాకు ఇద్దరు అక్కలు ఉన్నారు అనే వాక్యాన్ని ఒకడు ‘టు మీ టూ సిస్టర్స్ ఆర్ దేర్’ అన్నాడు. ఆ తప్పు వెనక సరైన లెక్క ఉంది, తెలుగులో ‘ఉన్నారు’ అనే క్రియ అక్కలతో కలిసింది, నాతో కాదు. ఇంగ్లీషులో ‘ఐ హావ్ టూ సిస్టర్స్’ అంటాం, ఆ చోటు ‘ఐ’ది. నాకు జ్వరం వచ్చింది, నాకు ఆకలేస్తోంది, అన్నీ ఇంతే. దీనికి తోడు ‘ఆమె టీచర్’ అన్నప్పుడు మనకు క్రియే అక్కర్లేదు, అందుకే ‘షి టీచర్’ అని రాస్తారు. ఇవేవీ చెప్పకుండా కర్త అంటే సబ్జెక్ట్ అని ఒక్క ముక్కలో తేల్చేయడం పిల్లలకు అన్యాయమే.

ప్రశ్నల దారి మూడో తరగతి వాళ్లకు చాలు. వాక్యం కాస్త పొడుగైతే మాత్రం తడబడతారు. ‘ద బాక్స్ ఆఫ్ మ్యాంగోస్ ఈజ్ హెవీ’లో బరువుగా ఉన్నది ఏది అంటే మామిడిపండ్లు అంటారు, వెంటనే ‘ఈజ్’ కొట్టేసి ‘ఆర్’ పెడతారు.

కత్తెర దారిలో ఒకటే పరీక్ష. కోసిన మొదటి ముక్క తీసేసి ఆ చోట హి, షి, ఇట్, దే అని రాసి పెట్టుకున్న చీటీల్లో ఒకటి పెట్టాలి, వాక్యం నిలబడితే కోత సరైన చోట పడినట్టు. ‘ద బాక్స్ ఆఫ్ మ్యాంగోస్’ మొత్తం పోయి ‘ఇట్’ వస్తుంది, ‘ఇట్ ఈజ్ హెవీ’, ఇక ఈజా ఆరా అన్న టెన్షన్ లేదు. ఇందాకటి మామిడిపండు వాక్యం కూడా ‘ఇట్ వాజ్ ఈటెన్ బై రవి’ అని చక్కగా నిలబడుతుంది. ఆ తర్వాత రెండో ముక్కలోంచి ‘ఈజ్’ ఒక్కటే కోసి ముందుకు జరిపితే ప్రశ్న తయారు, సబ్జెక్ట్ ముక్క చెక్కు చెదరదు. నాకు బాగా నచ్చేది ముక్కలు కలిపేసే ఆట. ‘మై గ్రాండ్ మదర్’, ‘లివ్స్ ఇన్ గుంటూర్’ ఒక జత, ‘టూ బఫెలోస్’, ‘ఆర్ స్లీపింగ్ అండర్ ద ట్రీ’ ఇంకో జత. తారుమారు చేస్తే గేదెలు గుంటూరులో కాపురం పెడతాయి, పిల్లలు పడీపడీ నవ్వుతారు, ఆ నవ్వుల్లోనే ఎవరో ఒకరు ‘లివ్స్ కాదు, లివ్ అనాలి’ అంటారు. రూలు నేను చెప్పకముందే వాళ్లే పట్టేస్తారు, ఆ క్షణం కోసమే నేను ఇంత కాగితం కోయిస్తాను.

దీనికీ ఇబ్బందులున్నాయి. ‘కమ్ హియర్’కు మొదటి ముక్కే లేదు, అక్కడ ఖాళీ కాగితం పెట్టి ‘యు’ దాక్కుందని చెబుతాను, ‘రా’ అన్నప్పుడు నువ్వు అనే మాట అందులోనే ఉంటుంది కాబట్టి మన పిల్లలకు ఇది తేలికే. ‘ఇన్ ద మార్నింగ్’ అని మొదలయ్యే వాటిలో ఆ మాటలను ముందు వాక్యం చివరికి పంపి తర్వాత కోయిస్తాను. ‘దేర్ ఆర్ టూ డాగ్స్’ లాంటివి ఏడో తరగతి దాకా ముట్టుకోను.

1877లో అమెరికాలో అలోంజో రీడ్, బ్రెయినర్డ్ కెలాగ్ తెచ్చిన గీతల పద్ధతి కూడా ఉంది, అడ్డగీత మీద సబ్జెక్ట్, వెర్బ్ రాసి మధ్యలో నిలువుగీత దాన్ని కోసుకుంటూ పోయేలా గీస్తారు. ఎనిమిదో తరగతి తర్వాత బాగుంటుంది, చిన్నవాళ్లకు మాత్రం వ్యాకరణం పోయి డ్రాయింగ్ క్లాసు అవుతుంది.

అలాగని తెలుగును పక్కన పెట్టమనడం లేదు, పక్కన పెట్టాల్సింది కర్త అనే మాటను మాత్రమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉంటాయి కదా, రోజుకు మూడు వాక్యాలు అలా ఎదురెదురుగా పెట్టి ఇంగ్లీషు దాన్ని కోయించి, తెలుగు దానిలో క్రియ ఎవరితో కలిసిందో గీత గీయించండి. అక్కల వాక్యం చెప్పిన పిల్లాడు ‘ఐ’ దగ్గర కత్తెర పెట్టడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.