డకోటాకి గ్లో ఇంజిన్లా, ఎలక్ట్రిక్ మోటార్లా?

డెక్కన్ ఎయిర్‌వేస్ ఒకప్పుడు బేగంపేట నుంచి నడిపిన రెండింజిన్ల విమానం డకోటాని, రిమోట్‌తో ఎగిరే మోడల్‌గా 1/12 స్కేల్‌లో (అసలు సైజులో పన్నెండో వంతు) కడితే రెక్కల పొడవు దాదాపు 2.4 మీటర్లు. చిక్కంతా ఇంజిన్ల దగ్గరే: గ్లో (మిథనాల్ ఇంధనంతో నడిచే చిన్న ఇంజిన్) పెట్టాలా, ఎలక్ట్రిక్ మోటార్ పెట్టాలా?

ఖర్చు: గ్లోకి ఇంధనం కొంటూనే ఉండాలి. ఎలక్ట్రిక్‌కి బ్యాటరీలు, ఛార్జర్ మొదట్లోనే జేబు ఖాళీ చేస్తాయి.

శ్రమ: గ్లోలో రెండు ఇంజిన్లనీ ఒకే వేగానికి ట్యూన్ చేయాలి, దిగాక నూనె జిడ్డు తుడవాలి. ఎలక్ట్రిక్‌లో మోటారు తిరిగే దిశ మార్చాలంటే మూడు వైర్లలో రెండు అటూ ఇటూ మార్చితే చాలు.

రిస్క్: అసలు టెన్షన్ ఇక్కడే. గాల్లో ఒక గ్లో ఇంజిన్ ఆగితే విమానం అటువైపు తిరుగుతుంది. కంగారులో థ్రాటిల్ పెంచితే ఇంకా తిరగబడుతుంది. తగ్గించి, ముక్కు దించి, రడ్డర్‌తో (తోక మీద కదిలే నిలువు పలకతో) సరిచేయాలి. చెప్పడం తేలికే! ఎలక్ట్రిక్‌లో ఒక్కటే ఆగడం అరుదు.

అందం: మోటార్లు కౌలింగ్‌లో (ఇంజిన్ తొడుగులో) దాక్కుంటాయి, గ్లో మఫ్లర్ బయటికి పొడుచుకొస్తుంది. శబ్దంలో మాత్రం గ్లోకే నా ఓటు.

మొదటి ట్విన్ (రెండింజిన్ల మోడల్) అయితే ఎలక్ట్రిక్కే. ఒంటి ఇంజిన్ గ్లో మోడళ్లతో చేయి తిరిగి, పొడవాటి రన్‌వే అందుబాటులో ఉంటే గ్లోకి వెళ్లండి.